తోలుబొమ్మలాటయందలి ప్రణయస్పర్ధ: ప్రేక్షకాభిప్రాయ విచారము

బుక్కరాయసముద్ర మను పేరు వినఁగానే తెలుఁగు పండితులకు స్ఫురించునది ముసలమ్మ. ప్రథమ బుక్కరాయల యమాత్యుఁడగు చిక్కవొడెయరు పండమేరు వాఁక కడ్డముగాఁ గట్టించెనని చెప్పఁబడు చెఱువు తెగఁబోఁగా, బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండికి బలియైన గాథ సి. పి. బ్రౌను 1853లో వెలువరించిన యనంతపుర చరిత్రమునందుఁ గలదు. దానినే కట్టమంచి రామలింగారెడ్డి 1899లోఁ గావ్యముగా సంతరించెను. అయితే ఆ సీమలో రాత్రులు మేల్కొని యాట చూచిన జనులకు మఱియొక స్త్రీయుఁ జిరపరిచిత. ఆమె పేరు బంగారక్క. ఆమెకుఁ గావ్యము లేదు, గుడి లేదు. తెల్లని తెఱపైఁ గదలు తోలుబొమ్మ మాత్రమే యామె.

బంగారక్క మగఁడు జుట్టుపోలిగాఁడు. ఆమెను వలచి వెంటఁబడువాఁడు కేతిగాఁడు. రామాయణ భారతకథలు సాగుచుండఁగా నడుమ నడుమ వీరు తెఱపైకిఁ జొచ్చి, తిట్టుకొని, కొట్టుకొని పోవుదురు. ఆడించు జట్టునుబట్టి వీరి చుట్టఱికము కొంత మాఱుచుండును. గంధోలిగాఁడు వంటివారును వచ్చి చేరుదురు. కాని యొక యాఁడుదానికై యిద్దఱు మగవారు పోరాడుట యను బీజము మాఱదు. దీనిఁగూర్చి చదువుకొన్నవారి తీర్పు చాలకాలముగా నొక్కటియే: ఇది గ్రామ్యము, అశ్లీలము, పుణ్యకథ నడుమ నిద్రమత్తు వదలించుటకుఁ జొప్పింపఁబడిన ప్రక్షిప్తము. ఈ తీర్పు పునర్విచారమునకుఁ దగియున్నది.

ముందుగా ఆట స్వరూపము నెఱుఁగవలెను. మేఁకతోలు మున్నగు వానిని వెలుఁగు చొచ్చునంత పలుచగాఁ జేసి, రంగులు పూసి, నగల రూపములుగాఁ జిల్లులు పొడిచి, వెదురుబద్దలకుఁ గట్టి, వెనుక దీపముంచి యాడింతురు. బొమ్మలు నాలుగైదడుగుల యెత్తున నుండుటయు నీడకు రంగుండుటయు నాంధ్రదేశపుటాట ప్రత్యేకతలు. ఆడించువా రింటిలో మరాటీ మాటలాడుదురు; తెఱవెనుక మాత్రము రంగనాథరామాయణపు ద్విపదల నాశ్రయించి తెలుఁగు పాడుదురు. స్త్రీపాత్రలకు గొంతు నిచ్చునది యా కుటుంబపు స్త్రీలే. కాఁబట్టి సీత శోకమును బంగారక్క తిట్టును బెక్కుమాఱు లొకే తల్లి నోటినుండి వెలువడును. చూచువా రీ సంగతి యెఱిఁగియే యేడ్చుదురు, ఎఱిఁగియే నవ్వుదురు.

కదలు రూపములఁ జూచువారి మనోవికారమును బేర్కొనిన ప్రాచీన గ్రంథము వ్యాకరణశాస్త్రమునఁ గానవచ్చుట వింతగాఁ దోఁపవచ్చును. హేతుమతి చ (3-1-26) అను పాణినిసూత్రముపై భాష్యకారుఁడు, ఏనాఁడో హతుఁడైన కంసుని విషయమున వర్తమానప్రయోగ మెట్లు పొసఁగునని శంకించి, శోభనికులు కంసవధను గన్నులయెదుటఁ జూపుచున్నారు గదా యని సమాధానము చెప్పెను. చిత్రములందు దెబ్బ లెత్తుటయుఁ బడుటయుఁ గనఁబడునని చేర్చెను. అచటనే కొందఱు కంసపక్షమును, కొందఱు వాసుదేవపక్షమును వహింతురనియు, కొందఱి మొగములు ఎఱ్ఱబాఱును, కొందఱివి నల్లఁబాఱుననియుఁ జెప్పెను. ఆ మొగములు కథ చూపువారివా, చూచువారివా యని వివాదము కలదు. చూచువారివే యని యన్వయించుట సరళము. శోభనికులు ఛాయానాటకము లాడించువారని లూడర్సు 1916లో వాదించెను. కీతు దాని నంగీకరింపలేదు. కైయటుని వ్యాఖ్య వేఱు త్రోవ. వారెవరైనను, ఆట యెదుటఁ గూర్చున్న జనము రెండు పక్షములుగాఁ జీలుట నిజము.

ఈ చీలికయే కేతిగాని ఘట్టమునఁ గానరాదు. జుట్టుపోలిగాఁడు ధర్మపతియైనను వానికై యెవరి మొగమును ఎఱ్ఱబాఱదు. కేతిగాఁడు దెబ్బలు తినినపుడు జాలిపడువారు లేరు. బంగారక్క యిరువురిని దిట్టునపుడు మాత్రము జన మామెవైపున నుండును.

దూరదేశపు దృష్టాంత మొకటి యిందు కుపకరించును. రష్యాలోఁ బనిచేసిన స్టారెవిచ్చు 1912లో కొమ్ములుగల పురుగులతో "సుందరి లూకనిడా" యను చలచ్చిత్రమును దీసెను. ఒక సుందరికై పురుగుదొరలు పోరాడుట యందలి కథ. సజీవకీటకములు దీపపువేఁడికిఁ గదలకుండుటచే నతఁడు చచ్చినవాని కాళ్లకుఁ దీఁగెలు గట్టి, కొంచెము కొంచెముగాఁ గదల్చి, ఛాయాపటములఁ దీసెను. చూచినవారిలోఁ గొందఱు అవి బ్రతికియున్న పురుగులే యనియు, ఎవఁడో వానికి నటన నేర్పెననియుఁ దలఁచిరఁట. పురుగుల వలపుకంటె పనివాని నేర్పు వారి కబ్బురమైనది. తోలుబొమ్మల జనమున కట్టి భ్రమ లేదు. చేయియుఁ, గఱ్ఱయుఁ, దీపము వెనుకనున్న కుటుంబమును వారికిఁ దెలియును. కావున వారి తీర్పు కథమీఁదనే నిలుచును.

ఆ తీర్పునకు శాస్త్రమునందును బలము గలదు. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుఁడు చెప్పెను. రావణునకు సీతయందలి కోరిక రతి కాదు, రత్యాభాసము. తొలుతఁ దన్మయులైనను విచారించి చూచినవారికది హాస్యమగునని యభినవగుప్తుని నిరూపణము. మహాపండితుఁడు తర్కముచే సాధించిన దానిని బొమ్మలవాఁడు రెండు తోళ్లతో సాధించెను. రావణుఁ డశోకవనమునుండి మరలినపిదపఁ గేతిగాఁడు బంగారక్క వెంటఁబడి చావగొట్టించుకొనుట మొదటి ఘట్టపు విచారణయే. వానలు లేని యేఁడు విరాటపర్వ మాడింపఁగా వాన కుఱియు నను నమ్మకము, ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు ఈ పీఠభూమిలో మిక్కిలి గాఢము. ఆ కథయందలి కీచకుఁడును బరభార్యఁ గోరి, చీఁకటిలో స్త్రీ యని భీముని సమీపించి నలిగినవాఁడు. రావణుఁడు, కీచకుఁడు, కేతిగాఁడు నొకే జాతివారు. మొదటి యిద్దఱిని బురాణము చంపెను. మూఁడవవాని జనులు నవ్వి విడిచిరి. దీనిఁ బ్రక్షిప్త మనువారు మత్తవిలాసమును బాఠ్యముగాఁ జెప్పుచునే యీ మాట యనుట చింత్యము.

బొమ్మలాటల ప్రశంస పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమునందే కలదు. అచ్యుతరాయల నాఁటి లేపాక్షి చిత్రములందలి యొరమొగములు, ఉబ్బినకన్నులు బొమ్మలను బోలియుండుట పెక్కురు గుర్తించిరి. కాని వీనివలన బంగారక్క వయస్సు తేలదు. ఆమె మాటలు వ్రాఁతలో నుండినవి కావు. రామాయణపు ద్విపదలకుఁ దాళపత్రములు గలవు. కేతిగాని పలుకులు తండ్రినోట విని కొడుకు నేర్చినవి, ఆ రాత్రి యా యూరి రెడ్డినో కరణమునో తగిలించి యప్పటికప్పుడు కల్పించినవి. పరిష్కర్తలు ద్విపదలను గాపాడిరి. రెండవదానిని మురికి యని విడిచిరి.

ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నీ విద్య నేఁటికిని నిలిచియున్నది. ఆంధ్రప్రదేశపుఁ దోలుబొమ్మలకు 2008లో భౌగోళికసూచిక లభించెను. ఆ గ్రామమువాఁడగు దళవాయి చలపతిరావునకు 2020లోఁ బద్మశ్రీ వచ్చెను. అయితే యిప్పుడు తోలు తఱచుగా దీపపుఁదొడుగులకును గోడపటములకును బోవుచున్నది. తెల్లవాఱులు సాగిన యాట సభలలో నొకటి రెండు గంటలకుఁ గుదింపఁబడునపుడు రాముఁడు మిగులును, రావణుఁడు మిగులును, కత్తిరింపఁబడునది కేతిగాఁడే. గోడపటములకును రాముఁడు, హనుమంతుఁడు, నెమళ్లు తగినవి. జుట్టుపోలిగానిఁ గొనువారు తక్కువ. వృద్ధులైన యాటగాండ్ర నోటఁ బూర్తిరాత్రి యాటను, నడిమి తిట్లతోఁగూడ, మాట వదలక వ్రాసికొనుట పరిశోధకులు వెంటనే చేయఁదగిన పని. వ్రాసికొనువారు సిగ్గుపడి చుక్కలు పెట్టి విడువకుందురుగాక.