మనసుకూ ఒక చరిత్ర ఉంది

మన విమర్శలో ‘మనస్తత్వ చిత్రణ’ అన్న మాట చాలాకాలంగా చలామణిలో ఉంది. పాత్ర భయపడితే ఆత్మన్యూనత అనీ, తల్లిని తలచుకుంటే ఈడిపస్ కాంప్లెక్స్ అనీ పేరు పెట్టి ఊరుకునే విమర్శకులు ఉన్నారు. పేరు పెట్టడంతోనే విమర్శ పూర్తయిపోతుందా? ఆ పేర్లు ఎక్కడ, ఏ పరిస్థితుల్లో, ఏ ప్రశ్నలకు జవాబుగా పుట్టాయో తెలుసుకోకపోతే, శాస్త్రం పేరుతో మనం కొత్త కర్మసిద్ధాంతాన్ని తెచ్చుకున్నవాళ్లమే అవుతాం.

1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో ప్రయోగశాల నెలకొల్పాడు. అంతవరకూ తత్వవేత్తల, మతాచార్యుల సొత్తుగా ఉన్న మనసు కొలతకు లోబడింది. అయితే భాష, పురాణగాథలు, ఆచారాలు ప్రయోగశాలకు అందవని వుంట్‌కే తెలుసు. వాటిని సమష్టి జీవితంలోనే చూడాలంటూ 1900 నుంచి 1920 దాకా పది సంపుటాలు రాశాడు. ఆయన శిష్యుడు టిచెనర్ అమెరికాకు మోసుకుపోయింది మాత్రం మనసును మూలకాలుగా విడగొట్టే పద్ధతినే. అదే నిర్మాణవాదం. ఆలోచన పూసల దండ కాదు, ప్రవాహం అని విలియం జేమ్స్ 1890లోనే చెప్పాడు. సాహిత్యంలోకి ‘చైతన్య స్రవంతి’ అన్న మాట వచ్చింది అక్కణ్ణించే.

వియన్నాలో ఫ్రాయిడ్‌కు ఎదురైనవి ప్రయోగాలు కావు, రోగుల బాధలు. దేహంలో కారణం కనబడని జబ్బుకు కూడా అర్థం ఉంటుందనీ, మనిషి తన మనసుకు తాను పూర్తి యజమాని కాడనీ ఆయన చూపించాడు. ఇది చిన్న విషయం కాదు. కాని ఒక నగరంలో, ఒక కాలంలో, ఎక్కువగా ఒక వర్గంలో చూసిన కుటుంబాన్ని ఆయన సర్వమానవ స్వభావంగా భావించాడు. 1911లో ఆయన నుంచి విడిపోయిన ఆడ్లర్, న్యూనతాభావాన్ని సాటి మనుషులతో సంబంధాల్లో పెట్టి చూశాడు. మనం ఆ పదాన్ని తెచ్చుకున్నాం, ఆ సంబంధాలను వదిలేశాం.

1913లో వాట్సన్ అసలు మనసు ఊసే వద్దన్నాడు. ప్రవర్తనను ముందుగా ఊహించడం, అదుపులో పెట్టడం శాస్త్రం లక్ష్యమన్నాడు. 1920లో, పసివాడికి ఎలుకను చూపిస్తూ వెనక పెద్ద చప్పుడు చేసి, భయాన్ని నేర్పవచ్చునని ప్రకటించాడు. అదే ఏడాది విశ్వవిద్యాలయం వదలవలసివచ్చి, తర్వాత ప్రకటనల కంపెనీలో చేరాడు. మనిషిని అదుపు చేసే విద్యకు మార్కెట్ తలుపు తెరవడంలో ఆశ్చర్యమేముంది?

భాగాలను కలిపినంత మాత్రాన మొత్తం అర్థం కాదని 1912 నుంచి గెస్టాల్ట్ వాదులు జర్మనీలో వాదించారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే వారి నాయకుడు వెర్తైమర్ దేశం విడిచాడు. ఆ ఏడాదే బెర్లిన్‌లో ఫ్రాయిడ్ పుస్తకాలను తగలబెట్టారు. సిద్ధాంతాల చరిత్ర సిద్ధాంతాల మధ్య వాదన మాత్రమే కాదు.

సోవియట్ దేశంలో వైగోట్‌స్కీ, పిల్లవాడు లోలోపల మాట్లాడుకునే మాట ముందు ఇతరులతో మాట్లాడిన మాటేనన్నాడు. సమాజం మనసు చుట్టూ ఉన్న గోడ కాదు, మనసును అల్లిన నూలు. 1934లో, 37 ఏళ్లకే ఆయన క్షయతో మరణించాడు. 1936లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు తర్వాత ఇరవయ్యేళ్లపాటు ఆయన రచనలు స్వదేశంలోనే మరుగున పడ్డాయి. ఇది అభ్యుదయవాదులు దాచుకోవలసిన విషయం కాదు. నాజీల మంటలను ఖండించే మనం ఈ నిశ్శబ్దాన్ని కూడా ప్రశ్నించాలి.

1959లో చామ్‌స్కీ, స్కిన్నర్ భాషా సిద్ధాంతాన్ని ఎండగట్టిన నాటికి మనసు మళ్లీ శాస్త్రంలోకి రావడం మొదలయింది. ఈసారి కంప్యూటర్ పోలికతో వచ్చింది. ప్రతి కాలమూ తన పనిముట్టులోనే మనిషి ముఖం చూసుకుంటుంది.

ఇప్పుడు మన నవలలకు వద్దాం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును ‘మానసిక రోగి’ అని తేల్చేస్తే, ఆస్తి కరిగిపోయి వంశప్రతిష్ఠ అనే బరువు మాత్రం మిగిలిన మనిషి మనకు కనబడడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయం ఒక కాంప్లెక్స్ మాత్రమే అయితే, ఆ చిరుద్యోగి చుట్టూ ఉన్న డబ్బు, దబాయింపు, ఇంట్లో అవమానం అన్నీ కేవలం రంగాలంకరణ అయిపోతాయి. అలాగని వాళ్లను వర్గ ప్రతినిధులుగా కుదించినా అంతే నష్టం. అప్పుడు ఆ భయం ఏ రాత్రి ఎలా నిద్రపోనివ్వలేదో చెప్పేవాడుండడు.

మనస్తత్వ శాస్త్రం రచయితకు తీర్పులు ఇవ్వదు. ప్రశ్నలు ఇస్తుంది. ‘ఇతనికున్న జబ్బేమిటి?’ అని అడగడం సులువు. ‘ఈ భయాన్ని ఇతనికి ఎవరు, ఎలా నేర్పారు?’ అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది.