ట్యాంకు మీద ఎక్కిన ఫిరంగి

ఆ కొబ్బరిమట్టలు ఇంకో రెండు లోపలికి తొయ్యిరా అబ్బోడా. పాపా, నువ్వు ఈ పక్కకి జరుగు, పొగంతా నీ మీదికే వస్తా ఉండాది. మొన్న టీవీలో పెరేడు చూసి అడిగితిరి కదా, "ఆ వజ్ర అనేదానికీ ట్యాంకుకీ ఏం తేడా తాతా, రెండూ ఒకే మాదిరి ఉండాయే" అని. ఆ పొద్దు తీరిక లేకపోయింది. ఈ పొద్దు చెప్తా, నిదానంగా వినండి.

ట్యాంకు ముందుకు పోయి కంటికి కనపడేదాన్ని కొడతాది. ఫిరంగి ఎనకాల నిలబడి కంటికి కనపడనిదాన్ని కొడతాది. నేను పనిచేసిన ఫిరంగి పేరు ఎం-46. రష్యావాళ్లది, 130 మిల్లీమీటర్లది. మేమంతా 'వన్ థర్టీ' అంటా ఉంటిమి. దాని గుండు 27 కిలోమీటర్లు పోతాది. మన పుత్తూరు స్టేషను కాడ పెట్టి కొడితే రేణిగుంట దాటి పడతాది. కొట్టేవాడికి రేణిగుంట కనపడదు. ముందర ఎక్కడో గుట్ట మీద కూర్చున్న అబ్జర్వేషన్ పోస్టు ఆఫీసరు వైర్లెస్‌లో చెప్తాడు, ఈడ లెక్కలు కట్టి గొట్టం తిప్పుతారు. అంతే.

71 యుద్ధం అయిపోయిన రెండేళ్లకు నేను మిలిటరీలో చేరితిని. ట్రైనింగు గోల్కొండలో. ఆడ ఆర్టిలరీ సెంటరు 1962లో పెట్టినారు, చైనా యుద్ధం జరిగిన ఏడు. మాది పుత్తూరు అని చెప్తే తెలుగోళ్లందరూ అడిగేది ఒకటే, "ఎముకలు కట్టే ఊరేనా?" అని. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురుబద్దల కట్టు, అంతా వర్ణించి చెప్పించుకునేవాళ్లు. దేశమంతా మన ఊరి పేరు అట్ల పోయింది.

గోల్కొండలో మాకు ఒక ఉస్తాదు ఉండినాడు. పాఠం చెప్తే సినిమా చూసినట్టు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పోలేదు. అప్పట్లో ఫిరంగులు లారీ ఎనకాల కట్టి ఈడ్చుకుపోయేవాళ్లు. ట్యాంకులేమో చైన్ల మీద గుట్టలూ గుంతలూ చూడకుండా పరిగెత్తేవి. ఎడారిలో ట్యాంకులు ముందుకు పోయినంక ఎనకాల ఫిరంగులు ఇసకలో కూరుకుపోయేవి. ట్యాంకులకు సాయం కావాల్సిన గడియలో ఫిరంగి రాదు. అందుకని ఫిరంగినే ట్యాంకు మీదికి ఎక్కిద్దామని అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఇంగ్లండోళ్లకీ, అమెరికావాళ్లకీ, జర్మనీవాళ్లకీ, రష్యావాళ్లకీ.

అయితే శానా చోట్ల కొత్త ట్యాంకు తీసి దీనికి ఇయ్యలే. కొత్తవి యుద్ధానికే చాలవు కదా. పోరులో పనికిరాకుండా పాతబడిపోయిన ట్యాంకులనే ఎక్కువగా తీసుకున్నారు. పైన రేకు పల్చనైపోయింది, ఉండే తుపాకి చిన్నదైపోయింది, కానీ కింద చైన్లూ ఇంజినూ గట్టిగానే ఉండాయి. జర్మనీవాళ్లు పాంజర్-2 అనే చిన్న ట్యాంకు తీసుకున్నారు. దాంట్లో ఇంజిను ఎనకాల ఉండాది. దాన్ని మధ్యకు జరిపి, ఎనక ఖాళీ చేసి, ఆ జాగాలో 105 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టినారు. దానికి వెస్పె అని పేరు. ఇంజిను జరిపిందే ఆడ అసలు తెలివి. ఫిరంగి పేలినప్పుడు గొట్టం ఎనక్కి తంతాది. తన్నే జాగా కావాల, గుండు ఎత్తేవాడు నిలబడే జాగా కావాల. ఇంజిను ఎనక ఉంటే ఆ జాగా యాడ?

ఇంకో పెద్దది చేసినారు, హుమ్మెల్ అని, 150 మిల్లీమీటర్లది. అంత ఫిరంగి పెట్టినంక గుండ్లకు జాగా మిగలలేదు. 18 గుండ్లే పట్టేవి. ఏం చేసినారంటే, ఫిరంగి పెట్టకుండా అదే బండి ఇంకోటి చేసి, దాంట్లో గుండ్లు మోసుకుంటా ఎనకాలే తిప్పినారు.

ఇంగ్లండోళ్లు తొందరపడినారు. వాలెంటైన్ ట్యాంకు మీద పెద్ద ఇనప పెట్టె కట్టి, అందులో 25 పౌండర్ ఫిరంగి పెట్టినారు. బిషప్ అని పేరు పెట్టినారు. ఆ పెట్టె కట్టిన తీరుకు గొట్టం 15 డిగ్రీలకు మించి పైకి లేచేది కాదు. చెరుకుతోటలో మోటరు పైపు పట్టుకొని ఎప్పుడైనా ఆడితిరా? పైపు నేలకు పెడితే నీళ్లు కాళ్ల కాడ పడతాయి, ఎత్తి పడితే ఆ గెనిమ దాటి పోతాయి. ఫిరంగీ అంతే. నేల మీద ఉన్నప్పుడు 13,400 గజాలు కొట్టే ఫిరంగి, బిషప్ మీదికి ఎక్కినంక 6,400 గజాలకు దిగిపోయింది. సగం కూడా లేదు! పాపం ఆ సిపాయిలు మట్టి గుట్ట పోసి, బండిని దాని మీదికి ముందువైపు ఎక్కించి, వాలు వచ్చినంక కొట్టేవాళ్లు. ఆఫ్రికా ఎడారిలో యుద్ధం జరుగుతా ఉంటే గడ్డపార పట్టుకొని మట్టి పోసుకోవాల. ఉస్తాదు ఈ ముక్క చెప్పి బల్ల మీద కొట్టి అనేవాడు, "ఇది గీసినోడు ఒక్కసారైనా ఫిరంగి పక్కన నిలబడి ఉంటే ఇట్ల గీసేవాడు కాదు" అని.

తర్వాత అమెరికా నుంచి ప్రీస్ట్ వచ్చింది, 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో దిగింది. ఆ ఎనకనే కెనడాలో మాంట్రియల్ రైలింజన్ల ఫ్యాక్టరీలో సెక్స్టన్లు చేసినారు. అది చక్కటి బండి. పైన మూత లేకపోయినా జాగా ఉండేది, గొట్టం పైకి లేచేది. మన సైన్యంలో కూడా సెక్స్టన్లు శానా ఏండ్లు ఉండినాయి.

ఇంగ మన సంగతికి వద్దాం. నేను చేరినప్పుడు మా వన్ థర్టీని లారీ ఈడ్చేది. ఎనిమిది టన్నుల పైన బరువు. రాజస్థాన్ ఇసకలో దాన్ని నిలబెట్టాలంటే ఎనిమిది మందిమి ఒళ్లు దాచుకోకుండా పడాల. లారీ నుంచి విప్పాల, ఎనక కాళ్లు రెండూ విడదీయాల, కాళ్ల చివర ఇనప గడ్డలు ఇసకలో దించాల, ప్రయాణంలో ఎనక్కి లాగి పెట్టిన గొట్టాన్ని ముందుకు తొయ్యాల. కొట్టినంక మళ్లీ అదంతా తిరగేసి చెయ్యాల. ఈ లోపల ఏమయితాది? అవతలోడి రాడారు మన గుండు పోయే దారి చూసి, అది యాడ నుంచి లేచిందో లెక్క కట్టి, మన నెత్తినే వేస్తాది. కొట్టినోడు ఆడే కూర్చుంటే చచ్చినాడే. కొట్టాల, కదలాల. లారీ ఫిరంగితో ఆ కదలడమే కష్టం.

మీ పెద్దతాత, అదే మా బావ, ఆవడి ట్యాంకు ఫ్యాక్టరీలో వెల్డరు. పుత్తూరులో రైలెక్కితే నగరి, తిరుత్తణి, అరక్కోణం దాటుకొని ఆవడి. ఆదివారమాదివారం వచ్చి పోతా ఉండినాడు. 1965లో ఆడ మొదటి విజయంత ట్యాంకు బయటికి వచ్చింది. డిజైను ఇంగ్లండు వికర్స్ కంపెనీది, చేసింది మనోళ్లు. దాని మీద 105 మిల్లీమీటర్ల గన్ను. నేను లీవులో వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఇదే అరుగు మీద కూర్చొని, నేను ఫిరంగి గురించి, ఆయన ట్యాంకు గురించి మాట్లాడుకుంటా ఉంటిమి. మీ జేజి విసుక్కునేది, "బిడ్డల గురించి ఎప్పుడైనా మాట్లాడుకుంటారా మీరు" అని.

80ల్లో రెండూ కలిసినాయి. ఆవడిలోనే ఉండే సీవీఆర్‌డీఈ అనే ట్యాంకుల పరిశోధన సంస్థ వాళ్లు విజయంత మీద మా వన్ థర్టీని ఎక్కించినారు. దాని పేరు కాటపల్ట్.

మొదటిసారి చూసినప్పుడు దాని చుట్టూరా తిరిగి తిరిగి చూస్తిని. టరెట్, అంటే ట్యాంకు నెత్తిన తిరిగే గన్ను గూడు, అది లేదు, మొత్తం తీసేసినారు. తీయక ఏం చేస్తారు? మా గొట్టం ఒక్కటే ఏడు మీటర్లకు పైన ఉంటాది, అది తన్నే తన్నుకు 105 కోసం చేసిన టరెట్‌లో చోటు యాడిది? బండి పొడుగు పెంచినారు. విజయంతకు ఒక్కో పక్క ఆరు చక్రాలు, దీనికి ఏడు. ఆ ఏడో చక్రం గురించి మా బావ నేల మీద పుల్లతో గీసి చెప్పినాడు. బరువు ఎక్కువ చక్రాల మీద పరుచుకుంటే నేల మీద ఒత్తిడి తగ్గుతాది, ఇసకలో దిగబడదు. బండి పొడుగైతే పేలినప్పుడు ఊగడం తగ్గుతాది, రెండో గుండు గురి చెదరదు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. చేతిలో పని ఉన్నోడికి లెక్క అట్ల అర్థమయితాది.

నెత్తిన ఒక చదునైన ఇనప కప్పు పెట్టినారు. పక్కలు బార్లా తెరిచే ఉండాయి. బయటి నుంచి చూసేవాళ్లకు అదొక వింత, ట్యాంకు మీద పందిరేసినట్టు. మాకు ఆ కప్పు విలువ ఎండాకాలంలో తెలిసింది. పైన గాల్లో పేలే గుండు ముక్కల నుంచి కూడా అది కాస్త కాపాడతాది.

లోపల పని ఎట్లుంటాదో చెప్తా. గుండు 33 కిలోల పైన. దాన్ని రెండు చేతుల్లో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాల, ముక్కుకు దెబ్బ తగలకూడదు. గొట్టం ఎనక నోట్లో పెట్టి కర్రతో గట్టిగా దూర్చాల. అది లోపల గాట్లకు కరుచుకున్న చప్పుడు వేరేగా ఉంటాది, చెవికి అలవాటు కావాల. దాని ఎనకాల మందు నింపిన ఇత్తడి గొట్టం. తలుపు మూస్తారు, నెంబర్ వన్, అంటే ఫిరంగి జట్టు పెద్ద, చెయ్యి దించుతాడు. గొట్టం చివర చిల్లులు చిల్లులుగా ఉండే బ్రేకు ఉంటాది, ఆ చిల్లుల్లోంచి మంటా గాలీ పక్కలకి చిమ్ముతాయి. ఇసకంతా లేచి మొగాన కొడతాది. తలుపు తెరిస్తే ఇత్తడి గొట్టం కాలతా కాలతా బయటపడతాది, ఖణేల్‌మని. కాలు అడ్డం పెట్టినావా, బొబ్బే. ఇదంతా ఒక నిమిషంలో అయిదారు సార్లు. నా ఎడమ చెవి ఇప్పుడు మందంగా ఉండేది అందుకే. మీరు పిలిస్తే కుడి పక్కకు వచ్చి పిలవండి.

86-87లో బ్రాస్‌టాక్స్ అని రాజస్థాన్‌లో పెద్ద విన్యాసం జరిగింది. ట్యాంకులు ఇసకదిబ్బలు దాటుకొని పోతా ఉంటే, మా బండ్లు వాటి ఎనకాలే చైన్ల మీద పోయినాయి. ముందు లారీలతో పోయినోణ్ణి కాబట్టి చెప్తా ఉండా, ఆ సుఖం మాటల్లో చెప్పేది కాదు. ఆగాల, కొట్టాల, కదిలిపోవాల. ఎవరూ ఇసకలో కాళ్లు దించే పని లేదు.

కొరత లేదని చెప్పను. గొట్టం అటూ ఇటూ కొంచెమే తిరిగేది, గురి బాగా పక్కకు మారితే బండినే తిప్పాల. పక్కలు తెరిచి ఉండేది కాబట్టి ఇసకా వానా చలీ అన్నీ మాతో పాటే. అయినా నా మాట వినండి. ఫిరంగి రష్యాది, ట్యాంకు ఇంగ్లండుది, రెండూ మన దగ్గర ఉండేవే. కొత్తది కొనే స్తోమత లేని కాలంలో, ఉండే రెండిటినీ సరిగ్గా కొలిచి కలిపినారు. బిషప్ చేసినోళ్ల మాదిరి ఫిరంగి బలం తగ్గించలేదు. అది ఆవడివాళ్ల గొప్పతనం. దాని గురించి ఎవరూ పెద్దగా రాయకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

విజయంతలు పాతబడినాయి. ఆ ఫిరంగినే మన అర్జున్ ట్యాంకు మీద పెట్టి చూసినారు, 2014లో 40 తీసుకుందామని కూడా అనుకున్నారు. అది ముందుకు సాగలేదు. 2017లో వజ్రకు ఒప్పందమైంది. కొరియావాళ్ల డిజైను, గుజరాత్‌లో హజీరా కాడ ఎల్ అండ్ టీ వాళ్లు చేసినారు. 155 మిల్లీమీటర్లది. మొదటి నూరు 2021కి సైన్యం చేతికి వచ్చేసినాయి, లడాఖ్ కొండలు కూడా ఎక్కినాయి.

మీరు టీవీలో చూసి ట్యాంకు అనుకునింది అదే. చుట్టూరా మూసిన టరెట్ ఉండాది కాబట్టి అట్ల కనపడింది. అందులో బరువైన గుండును మిషనే ఎత్తి పెడతాది, మనిషి మొయ్యడు. లోపల అయిదుగురే ఉంటారు, నెత్తినా పక్కలా ఉక్కు గోడే. 2024 డిసెంబరులో ఇంకో నూరింటికి సంతకాలు చేసినారు. మంచి పని చేసినారు.