సేఫ్టీ ట్యాంకు

తెల్లాపూర్ కొత్త కాలనీల్లో ప్రహరీ గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఒక ఫోన్ నంబరు కనిపిస్తుంది. పక్కన 'సేఫ్టీ ట్యాంక్ క్లీనింగ్' అని రాసి ఉంటుంది. రాసినవాడు పొరబడ్డాడని నవ్వుకోనక్కర్లేదు. మేస్త్రీ, ప్లంబరు, ఇంటి ఓనరు, రెండు రాష్ట్రాల్లోనూ చాలామందికి సెప్టిక్ ట్యాంకంటే సేఫ్టీ ట్యాంకే. గ్రీకులో 'సెప్టిక్' మాటకి మూలార్థం కుళ్ళడం. పుండు సెప్టిక్ అయిందంటామే, అదే మాట. కుళ్ళుకి భద్రత అని పేరెలా వచ్చిందో భాషాశాస్త్రజ్ఞులు చూసుకుంటారు. ఆ భద్రత ఎవరికి అన్న ప్రశ్నకి మాత్రం జవాబు చరిత్రలో వెతకాలి.

ముందు ఆ తొట్టి సంగతి. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులోని వెజూల్ అనే ఊళ్ళో జాఁ లూయీ మూరాస్ తన ఇంటి మురుగుని గాలి చొరబడని తొట్టిలోకి మళ్ళించాడు. చాలా ఏళ్ళకి తెరిచి చూస్తే అనుకున్నంత మడ్డి లేదట. 1881లో దానికి పేటెంటు వచ్చింది. తర్వాత ఇంగ్లండులో ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ దాన్ని మెరుగుపరిచి, 1895లో 'సెప్టిక్ ట్యాంక్' అని పేరు పెట్టాడు. కుళ్ళబెట్టడమే దాని పని కాబట్టి పేరులో దాపరికమేమీ లేదు.

పనితీరు చాలా సింపుల్. ఇంట్లోంచి వచ్చిన మురుగు తొట్టిలో ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంటుంది. బరువైనదంతా అడుక్కి దిగి మడ్డి అవుతుంది. నూనె, సబ్బు జిడ్డు పైన తెట్టు కడతాయి. మధ్యనున్న నీళ్ళు రెండో గదిలోకి, అక్కణ్ణించి ఇంకుడు గుంతలోకి పోతాయి. గాలి లేకుండా బతికే బాక్టీరియా మడ్డిలో కొంత తిని గ్యాసు చేస్తుంది. ఇక్కడ 'కొంత' అన్న మాటే ముఖ్యం. మిగిలింది ఏటికేడాది పేరుకుంటూనే ఉంటుంది. అందుకే రెండు మూడేళ్ళకోసారి తోడించాలంటారు. తొట్టి మడ్డిని మాయం చెయ్యదు, వాయిదా వేస్తుంది. వాయిదా గడువు తీరిన రోజు ఎవరో ఒకరు రావాలి.

హైదరాబాదు ఈ వాయిదాల పద్ధతి వదిలించుకోవాలని ఒకప్పుడు గట్టిగానే ప్రయత్నించింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన పని వరద అడ్డుకోవడమొకటే కాదు, నగరానికి మురుగు వ్యవస్థ రూపొందించడం కూడా. వరద సగం అందరికీ తెలుసు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. కట్టల మీద నిలబడి ఇప్పటికీ సెల్ఫీలు దిగుతున్నాం. మురుగు సగం నేల కింద ఉండిపోయింది. ఎక్కువ కాలం పట్టింది కూడా అదే. విశ్వేశ్వరయ్య 1909 చివర్లోనే మైసూరు వెళ్ళిపోయారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. డ్రైనేజీ కోసం ఆయన్ని నిజాం ప్రభుత్వం తర్వాత మళ్ళీ పిలిచింది. చివరికి 1931లో భూగర్భ డ్రైనేజీ మొదలైంది. 54 చదరపు కిలోమీటర్లు, 4.68 లక్షల జనాభా దాని లెక్క.

ఆ పైపులు రాకముందు ఇళ్ళలో ఉన్నవి సండాసులు. తెల్లారకముందే మెహతర్లు ఇంటి వెనక సందులోంచి వచ్చి ఎత్తుకుపోవాలి. కోస్తా పట్నాల్లో ఇదే పని ఎక్కువగా రెల్లి కులస్తుల నెత్తిన పడింది. పాత ఇళ్ళకి వెనక సన్న సందు, సందులోకి చిన్న తలుపు ఉండటానికి కారణం అదే. ఆ మనిషి ముందు గుమ్మంలోంచి రాకూడదు, కంటికి కనబడకూడదు. భూగర్భ పైపు ఆ సందుని అనవసరం చెయ్యగలిగింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుందేమో గానీ, ఆ కాలపు సంస్కరణల్లో ఇంత నేరుగా మనిషి నెత్తి మీద తట్ట దించగలిగినవి తక్కువే అని నా నమ్మకం.

అయితే పైపుకి ఒక షరతు ఉంది, వాలు. మురుగు పల్లానికే పోతుంది. మూసీ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది కాబట్టి నగరం మురుగూ తూర్పున అంబర్‌పేట వైపు దారి పట్టింది. ఇప్పుడు అక్కడ రోజుకి 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేయగల ప్లాంటు ఉంది. నగరం మాత్రం పైపు వెళ్ళిన దిక్కున పెరగలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పడమటికి, ఎగువకి, రాళ్ళగుట్టల మీదికి ఎక్కింది. మాదాపూర్, కొండాపూర్, నల్లగండ్ల దాటి తెల్లాపూర్ దాకా వచ్చింది. 2018లో మున్సిపాలిటీ అయ్యేదాకా తెల్లాపూర్ గ్రామ పంచాయతీయే. పంచాయతీ కాలంలో వేసిన లేఅవుట్లలో ఇల్లు ముందొస్తుంది, రోడ్డు తర్వాత, డ్రైనేజీ ఆ తర్వాతెప్పుడో. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు సొంత శుద్ధి ప్లాంట్లు కట్టుకున్నాయి. విడి ఇళ్ళు, చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు కామెరాన్ తొట్టినే నమ్ముకున్నాయి. నగరం 1931లో ఉమ్మడిగా తీర్చుకున్న సమస్యని ఇల్లిల్లూ విడివిడిగా మళ్ళీ మొదటినుంచీ తీర్చుకోవాల్సి వచ్చింది.

పైగా ఇది దక్కన్ గ్రానైటు నేల. కొన్నిచోట్ల నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది. బండలో ఇంకుడు గుంత ఇంకదు. నిండిన నీళ్ళు మోరీలోకి, మోరీలోంచి చెరువులోకి పోతాయి. వానాకాలంలో అయితే వెనక్కి, ఇంట్లోకి వస్తాయి.

కింద ఏం జరుగుతోందో పైవాడికి తెలియక్కర్లేకుండా చెయ్యడాన్ని మా సాఫ్ట్‌వేర్‌లో మంచి డిజైన్ అంటాం. ఫ్లష్ బటన్ అలాంటిదే. కాకపోతే కింది వ్యవస్థ చెడిపోయేముందు తప్పకుండా లాగ్ రాస్తుంది. ఇంటి మురుగు వ్యవస్థ కూడా రాస్తుంది, వాసనలో, చప్పుడులో. చదవడం పెద్ద విద్యేం కాదు.

మొదటిది వాసన. వాడని బాత్రూంలో ఉన్నట్టుండి మురుగు కంపు వస్తే చాలామంది ట్యాంకు నిండిందనుకుంటారు. ఎక్కువసార్లు ట్రాప్ ఎండి ఉంటుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు లండనులో ఫ్లష్ టాయిలెట్టుకి పేటెంటు తీసుకున్నాడు. దాని గొప్పతనమంతా కింద వంచిన పైపులో ఉంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలుస్తాయి, కింది గ్యాసుని పైకి రానివ్వవు. మన బాత్రూం నేలలో జాలీ కింద ఉండే నాని ట్రాప్ కూడా ఆ కుటుంబమే. అసలు పేరు నహానీ, మరాఠీలో న్హాణీ అంటే స్నానాల గది. ఎండాకాలం నెల రోజులు ఊరెళ్ళొస్తే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. వైద్యం రెండు మగ్గుల నీళ్ళు, అంతే.

రెండోది, నీళ్ళు నిదానంగా దిగడం. ఇక్కడ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఒక్కచోటా, అన్నిచోట్లా? వంటింటి సింకు ఒక్కటే మొరాయిస్తే అడ్డం దాని కిందే ఉంది. బకెట్ పెట్టి ట్రాప్ మరలు విప్పితే గడ్డకట్టిన నూనె, మెతుకులు బయటపడతాయి. స్నానాల గదిలో అయితే జాలీ కింద వెంట్రుకలు. కిరాణా కొట్లో దొరికే యాసిడ్ పోస్తే పని తేలికవుతుంది అనుకుంటాం. అది ట్యాంకులో పనిచేసే బాక్టీరియానే చంపుతుంది. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

మూడోది గుడగుడ. ఫ్లష్ చేస్తే నాని ట్రాప్‌లో చప్పుడొస్తే పైపుకి ఊపిరాడట్లేదని అర్థం. డాబా మీదికి లేచిన వెంట్ పైపు కోసమే ఉంది ఆ ఊపిరి. దాన్ని ఎవరో మూసేసి ఉంటారు, లేదా పిట్ట గూడు పెట్టుంటుంది. లేదంటే కింద లైన్లో అడ్డం మొదలవుతోంది.

నాలుగోది, కింది అంతస్తులో అన్నీ ఒకేసారి మొండికెయ్యడం. అప్పుడు ఇంటి బయట ఛాంబర్ మూత తెరిచి చూడాలి. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉంది. నిండి ఉంటే అడ్డం దాని తర్వాత, ట్యాంకు వైపు. తోడించిన పది రోజులకే మళ్ళీ నిండితే ఇంకుడు గుంత పని అయిపోయిందని లెక్క. ఎన్ని ట్యాంకర్లు పిలిచినా ఆ జబ్బు తగ్గదు.

ఈ నాలుగూ ప్లంబరుకిచ్చే డబ్బు మిగల్చడానికని చెప్పట్లేదు. వీటిని చదవని ఇల్లు చివరికి ఒక మనిషిని లోపలికి దించుతుంది. ఏళ్ళ తరబడి తోడించని ట్యాంకులో మడ్డి గట్టిపడుతుంది, ట్యాంకరు పైపుకి లేవదు. అప్పుడు ఎవరో "ఒకణ్ణి దింపితే అయిపోద్ది సార్" అంటారు. చరిత్ర అంతా మళ్ళీ ఆ వెనక సందులోకి వచ్చి నిలబడేది ఆ మాట దగ్గరే.

లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది. మోతాదు పెరిగితే ముందు ముక్కునే పనిచెయ్యకుండా చేస్తుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని అనుకుంటారు, దిగుతారు. పడిపోయినవాణ్ణి లాగబోయి రెండోవాడు, మూడోవాడు పోతారు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో ఒక మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. వాళ్ళలో కాపాడబోయిన మనిషి కూడా ఉన్నాడు. అది 1931 నాటి పాతబస్తీ గల్లీ కాదు, ఐటీ కారిడార్ నడిబొడ్డు.

1993 చట్టం పాకీ పనిని నిషేధించింది. 2013 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనిషిని దించడం నేరమంది. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మున్సిపాలిటీకే కాదు, పని చేయించుకున్న ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. సుప్రీంకోర్టు 2014లో మురుగు చావులకి పది లక్షల పరిహారం ఇమ్మంది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఈ పోరాటంలో తెలుగువాళ్ళ పాలు తక్కువేం కాదు. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తోడుగా సఫాయి కర్మచారీ ఆందోళన్‌ని నిలబెట్టారు. విల్సన్‌కి 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. గీతా రామస్వామి 2005లో 'ఇండియా స్టింకింగ్' అని ఆంధ్రప్రదేశ్ పాకీ కార్మికుల మీద చిన్న పుస్తకం రాశారు. భాషా సింగ్ హిందీ పుస్తకాన్ని కె. సజయ 'అశుద్ధ భారత్'గా తెలుగు చేసి 2021కి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం అందుకున్నారు. నగర జీవితం గురించి కథలూ కవితలూ విస్తారంగా రాసుకుంటున్న మన తరం ఈ రెండు పుస్తకాల్నీ పక్కన పెట్టుకుని రాయాలని నాకనిపిస్తుంది. మన అపార్ట్‌మెంట్ కథల్లో బాల్కనీలుంటాయి, లిఫ్టులుంటాయి, ఛాంబర్ మూతలుండవు.

పరిష్కారం ఇంటి గేటు దగ్గర ఆగదు. తోడిన మడ్డి ఎక్కడికి పోతోంది? గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఆస్కీ సాయంతో దీనికి నిబంధనలు తెచ్చింది. తోడే వాహనాలకి లైసెన్సు, మడ్డిని శుద్ధి చేసే చోటు, కార్మికులకి రక్షణ సామగ్రి, వీటన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చే ప్రయత్నమది. దేశంలో ఈ పని మొదటగా చేసిన నగరాల్లో వరంగల్ ఒకటి. మహానగరం చెయ్యలేనంత కష్టమైన పనేం కాదు.

ట్యాంకరు వచ్చినప్పుడు నేను డ్రైవరుని మూడే అడుగుతాను. "అన్నా, లోపలికెవరూ దిగరు కదా?" మొదటిది. "ఎక్కడ పోస్తావ్?" రెండోది. మూడోది, ఈసారి ఎంత మడ్డి వచ్చింది, మళ్ళీ ఎప్పుడు పిలవాలి. మొదటిదానికి జవాబు చప్పున వస్తుంది. రెండోదానికి కాస్త ఆగి, "పోస్తాం సార్, మాకు జాగా ఉంది" అంటాడు. ఆ జాగా ఏ చెరువు పక్కనో అడిగితే డబ్బులు తీసుకుని బండెక్కుతాడు. తోడించిన తేదీ మీటర్ బోర్డు తలుపు లోపల మార్కర్‌తో రాసిపెడతాను, మా తర్వాత ఇంట్లో దిగేవాళ్ళకి పనికొస్తుందని.