గళమునకు గ్రంథాలయము

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు బెజవాడ పుట్టినిల్లని చెప్పుకొనుటలో మనకు న్యాయమైన గర్వము గలదు. 1914వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో నలుదెసల గ్రంథాలయముల ప్రతినిధులు ఈ పట్టణముననే సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షత వహించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో పుస్తకములు నడిపి ఒడ్డుననున్న పల్లెలకు విద్యాదానము చేసిరి. పుస్తకము పాఠకుని వెదకికొని పోవలెనను సంకల్పము ఇంత చక్కగా నెరవేరిన సీమలు లోకమున మిక్కిలి లేవు.

అట్టి ఈ డెల్టాయందు ఒక వస్తువును మాత్రము దాచదగినదానిగా మన పెద్దలు తలపరైరి. అది మనుష్యుని కంఠస్వరము. తాళపత్రమునకు బట్ట చుట్టి భద్రపరచిన చేతులే గ్రామఫోను ప్లేటును అటకమీద పారవైచినవి. ఈ పొరపాటెట్లు కలిగెను? దానివలన మనము కోల్పోయిన దేమి? ఇకనైన చేయదగిన దేమి? ఈ మూడు ప్రశ్నలను చదువరుల యెదుట పెట్టుటయే ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

శబ్దమును పట్టి నిలుపు యంత్రమును 1877లో అమెరికా దేశమున ఎడిసన్ నిర్మించెను. ఆతడు తగరపు రేకు చుట్టిన స్తూపముపై సూదితో ధ్వనిని గీతగా గీయించెను. పది సంవత్సరములకు బెర్లినర్ అనునాతడు స్తూపమునకు మారుగా బల్లపరుపు చక్రమును ప్రవేశపెట్టెను. మార్పు చిన్నదిగా దోచును గాని ఫలము పెద్దది. స్తూపమునుండి ప్రతులు తీయుట కష్టము; చక్రమునకైనచో అచ్చు చేయించి, ముద్రణాలయమున పుస్తకము నచ్చొత్తినట్లు వేలకొలది ప్రతు లొత్తవచ్చును. అచ్చుయంత్రము వ్రాతప్రతికి చేసిన యుపకారమునే ఈ చక్రము పాటకు చేసినది. పాట యంగడిసరకైనదియు నిచ్చటనే.

1902లో గైస్‌బర్గ్ అను ధ్వనిముద్రకుడు లండనునుండి కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలు పట్టెను. మూలములు జర్మనీలోని హానోవరు పట్టణమునకు పోయి, అచ్చట ప్లేట్లుగా నొత్తబడి మరల ఇచ్చటికి వచ్చుచుండెను. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషున బిగ్గరగా చెప్పెడిది. దూరదేశపు పనివారికి ఏ ప్లేటెవరిదో తెలియుట కట్లు చేసిరని చెప్పుదురు. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. ఆ ప్లేట్లలో ముఖ్యద్రవ్యము లక్క. మన యడవులలో చెట్లకొమ్మలపై పురుగులు పెట్టిన లక్క ఓడలెక్కి సీమకు పోయి, పాటయై తిరిగివచ్చి, మన యంగళ్లలోనే వెలకు దొరకెను. ప్రత్తి పోయి బట్టయై వచ్చిన కథకు ఈ కథ తోబుట్టువు.

ఆ తొలి దినములలో బూర యెదుట నిలిచి పాడిన స్త్రీలెవరు? కులస్త్రీలు సభలో గొంతెత్తుటయే తప్పుగా నెంచబడిన కాలమది. గౌహర్‌జాను, సేలము గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ మొదలగు కళావంతులే మొదట ధైర్యము చేసిరి. సంస్కరణపక్షమువారమగు మనము ఇచ్చట నొక సత్యమును మరుగుపరుపరాదు. వీరేశలింగము పంతులుగారును వారి యనుచరులును భోగముమేళములను ఖండించిరి. ఆ ఖండనము బాలికల జీవితములను చెఱచు నాచారమును గూర్చినది. దాని యావశ్యకతను మేము కాదనము. దేవదాసీ సమర్పణమును నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున వెలువడిన చట్టము ధర్మ్యమైనదే. కాని మేళము పోయిన పిమ్మట పాట యేమగునని యడిగిన సంస్కర్త లరుదు. ఆచారమును నిందించుచు, ఆ స్త్రీల విద్యనుగూడ అంటరానిదానిగా జూచితిమి. నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును సంపూర్ణముగా నచ్చువేయింపగా, ఆ పుస్తకము నిషేధమునకు గురియైన సంగతి సాహిత్యప్రియు లెరుగుదురు.

ఫలితమును కృష్ణాజిల్లాలోనే చూడవచ్చును. క్షేత్రయ్య మొవ్వ గ్రామమువాడు. ఆతని పదములు పదునేడవ శతాబ్దమున తంజావూరు చేరి, అచ్చటి కళావంతుల యిండ్లలో తరతరములుగా నిలిచినవి. మొవ్వకు చేరువనున్న కూచిపూడి భాగవతులు కొన్నింటిని ఆటలో నిలుపుకొనిరి. అయినను ఆ పదమును నెమ్మదిగా, భావమునకు భంగము రాకుండ, ఎట్లు పాడవలెనో వినగోరు డెల్టాబాలిక నేడు వీణ ధనమ్మాళ్ కుటుంబమువారి ధ్వనిముద్రణములను వెదకవలసియున్నది. మన యేటి ఒడ్డున బుట్టిన పాట మనకు చెన్నపట్టణమునుండి లక్కచక్రముపై తిరిగివచ్చినది. వెలివేయబడినవారి గొంతులను వర్తకులు పట్టియుంచనిచో మనకా మాత్రమును మిగిలియుండెడిది కాదు.

ఇక నాటకరంగము సంగతి. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలవెంట నీరును, నీటివెంట ధాన్యమును, ధాన్యమువెంట నాటకములును వచ్చినవి. మైలవరము జమీందారుల పోషణమున బాలభారతీ నాటకసమాజము వెలసెను. బందరులో ఉపాధ్యాయులుగా నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును జంటగా రచించిన పాండవనాటకముల పద్యములు పండితుల నాలుకలనుండి పామరుల నాలుకలకు దిగెను. కపిలవాయి రామనాథశాస్త్రిగారివంటి నటగాయకుల కంఠములు ప్లేట్లకెక్కి ఊరూర మారుమ్రోగెను.

బూర వారికెట్లు సరిపడెనో చెప్పెదము. 1925 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో మైక్రోఫోను వాడుకలోనికి వచ్చువరకు, పాడువాడు బూరలోనికి బలముగా పాడవలెను. ఆ గాలితాకిడియే సూదిని కదల్పవలెను. సన్నని గొంతు, వీణానాదము సరిగా పట్టుబడవు. కడపటి వరుసలోని శ్రోతకు వినబడునట్లు సాధన చేసిన రంగస్థలగాయకునికి ఈ బూర కొత్తది కాదు. కాని కాలము చాలదు. పదియంగుళముల ప్లేటున నొక ప్రక్క మూడు నిమిషములకు కొంచెమే యెక్కువ. రంగముమీద "వన్స్ మోర్" కేకలకు లొంగి రాగమును సాగదీయువాడు ఇచ్చట పద్యమును, రాగచ్ఛాయను, ముక్తాయింపును ఆ మూడు నిమిషములలో ముడువవలసివచ్చెను. వ్యర్థమైన సాగదీత తగ్గుట లాభము. మనోధర్మమునకు తావు చాలకపోవుట నష్టము.

లాభములలో నెల్ల గొప్పది మరియొకటి కలదు. కీ యిచ్చి ముల్లు పెట్టినంతనే పాడు ఈ పెట్టె యొక యూరి రచ్చకు వచ్చినచో, మాలపల్లె బాలుడును దూరముననుండి వినగలిగెను. గురువు శిష్యుని కులమడిగెను; ప్లేటు అడుగలేదు. గురుకులవాసము దొరకనివారు పద్యమును పలుమారు విని, గమకమును పట్టి, పిదప వేషము కట్టిరి. సంగీతవిద్యకు మన సమాజము వేసిన తలుపును ఏ యుపన్యాసమును తీయజాలని దినములలో ఈ యంగడిసరకు కొంత తీసినది.

అయితే యొక తలుపు తీసిన చక్రమే మరియొక తలుపు మూసినది. ప్లేటు నడుమనున్న కాగితపుబిళ్లపై కంపెనీ పేరు పెద్ద యక్షరములతో నుండును, పాడినవారి పేరుండును, రాగము పేరుండును. పద్యకర్త పేరు తరచుగా నుండదు. హార్మణీ వాయించినవాని పేరు అంతకంటె నరుదు. ఇందువలని యన్యాయమునకు గుఱ్ఱము జాషువగారి కథయే చాలిన నిదర్శనము. వారి శ్మశానవాటి పద్యములను నటులు బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో చేర్చి పాడిరి. ఆ పద్యములు రాని పల్లె లేదు. అవి జాషువగారివని యెరిగిన పల్లెలు కొన్నియే. ఏ కవిని అస్పృశ్యుడని పంక్తినుండి లేపిరో, ఆ కవి పద్యమునకే తెల్లవారువరకు కన్నీరు కార్చిరి. చెళ్లపిళ్లవారు తామే ఆయన పాదమునకు గండపెండేరము తొడిగి ఋణము కొంత తీర్చిరి. పద్యకర్త పేరు వ్రాయని ప్లేట్లు ఆ ఋణమును తీర్చలేదు. పేరు లేని పాట యెవనిదైనను కావచ్చునందురు. మేము పరిశీలించినంతవరకు పేరు లేని పాట బలవంతునిదే యగుచున్నది.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసెను. మూడు నిమిషముల యిరుకునుండి పాట గంటల విశాలమునకు వచ్చెను. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు జెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి యొద్ద ఈ పట్టణముననే నేర్చిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారును, ఆంధ్రవాగ్గేయకారుల చరిత్రము వ్రాసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారును ఇచ్చట పనిచేసి, భక్తిరంజనిద్వారా ఉదయవేళల రామదాసు కీర్తనలను, తత్త్వములను ఇంటింటికి పంపిరి. అయినను రేడియోకును దోషము లేకపోలేదు. 1940 మొదలు సుమారు మూడు దశాబ్దములు ఆకాశవాణి హార్మణీని నిషేధించెను. నాటకపద్యమునకు ప్రాణసమానమగు వాద్యమునకే ప్రభుత్వపు ద్వారము మూసియుండగా, ఆ పద్యము సంగీతము కాదను భావము పండితులలో బలపడుట వింతగాదు. టేపు వచ్చిన పిదపను నష్టము తప్పలేదు; వెలగల టేపును చెరిపి మరల వాడుట ఆ కాలపు ధ్వనిశాలలలో సామాన్యము. గాలిలో పోయిన పాట గాలిలోనే పోయెను.

1932లో తెలుగుటాకీ వచ్చినపిమ్మట ప్లేటు క్రమముగా సినిమాకు దాసియయ్యెను. డెల్టా గాయకులను పంపెను. ధ్వనిశాలలు మాత్రము చెన్నపట్టణముననే నిలిచెను. గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఈ రెండు యుగములకు వంతెన. నాటకపద్యపు ఠీవిని మైక్రోఫోను మెత్తదనముతో మేళవించి, పద్యము పాడుటకు ఆయన యొక కొత్తబాట వేసిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము ఆయన గళమువలననే చదువురానివారికిని పరిచితమయ్యెను. జీవితపు చివరి సంవత్సరములలో పాడిన భగవద్గీత, 1974లో ఆయన గతించిన తరువాత, తెలుగువారి యిండ్లలో పారాయణగ్రంథమైనది. కాలక్రమమున దానిని శవవాహనములపై వేయుట యలవాటై, ఆ గీత వినబడినంతనే ఎవరు పోయిరని యడుగువారేర్పడిరి. కర్మయోగమునకు పిలుచు వాక్కు మృత్యుఘంట యగుట చూడగా, పాటను దాచినంతమాత్రమున చాలదనియు, వినుటకు తగిన చోటును మనమే కల్పింపవలెననియు తేలుచున్నది.

1980 తరువాతి దశాబ్దములో కాసెట్టు వచ్చి ధర తగ్గించెను. బుఱ్ఱకథ, హరికథ, పల్లెపదములు సయితము చిన్న వర్తకులచే పట్టబడెను. కాని కాసెట్టునాడ బూజుపట్టును, సాగిపోవును. దాని ఆయువు లక్కప్లేటుకంటె తక్కువ. ఇప్పుడు పాట అంకెలుగా మారి చేతిలోని టెలిఫోనున నిలిచియున్నది. అంతయు దొరకుచున్నదిగదా యని తృప్తిపడువారు కలరు. దొరకుచున్నది నిజమే, ఎవరు పాడిరి, ఏ యేట, ఎవరి పద్యము అనునవి చాలచోట్ల దొరకుటలేదు. ముఖపత్రము చినిగిన పుస్తకములు లక్ష కుప్పపోసినను గ్రంథాలయము కానేరదు.

కొందరు పండితులు గ్రామఫోను కేవలము వర్తకులు లాభమునకై చేసిన వస్తువని యాక్షేపింతురు. అచ్చుపుస్తకమును గూడ వర్తకులే యమ్మిరి. ఆ కారణమున భారతమును మనము విడిచితిమా? వర్తకుని యుద్దేశము వేరు, మిగిలిన వస్తువు విలువ వేరు. చట్టమడ్డువచ్చునని మరికొందరి భయము. 1957 చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు ప్రచురింపబడిన పిదప అరువది సంవత్సరములే. కృతికర్త హక్కు ఆయన మరణానంతరము అరువదేండ్లు నిలుచును గనుక జాషువగారి పద్యముల విషయమున అనుమతి యవసరము. తిరుపతివేంకటకవుల పద్యములకు ఆ యడ్డంకియు తీరినది. 2012 సవరణ సినిమాపాటల కవులకును స్వరకర్తలకును ప్రతిఫలమున వంతునిచ్చినది. ఒక్కసారి కొంత సొమ్మిచ్చి సర్వహక్కులు వ్రాయించుకొను పద్ధతికి అది కొంత కళ్లెము.

కావున చేయదగినది కష్టసాధ్యము కాదు. ప్రతి శాఖాగ్రంథాలయమున నొక బీరువా గళములకై విడువవలెను. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. లక్క పెళుసు, బరువున కోర్వదు. అరిగిన ఉక్కుముల్లుతో వినరాదు. అనుభవజ్ఞులచే ప్రతి తీయించి, గరగరను పోగొట్టుటకై గళమును గూడ పోగొట్టకుండ, ఉన్నదున్నట్లు దాచవలెను. ప్రతి ప్లేటునకు పాడినవారు, పద్యకర్త, వాద్యకారుడు, కంపెనీసంఖ్య అను నాలుగు వివరములు వ్రాయవలెను. బళ్లలోని పిల్లలను తమ గ్రామములందలి యటకలు వెదకి పట్టికలు వ్రాయుడని మావంటి యుపాధ్యాయులు ప్రోత్సహింపవచ్చును. చరిత్రపాఠమున కింతకంటె మంచి యభ్యాసము లేదు. పెద్దలు జీవించియుండగనే ఆ పద్య మెవరిదని వారి నడిగి వ్రాసికొనవలెను. ప్లేటు పగిలినను మరియొక ప్రతి దొరకవచ్చును గాని జ్ఞాపకమునకు ప్రతి లేదు.

పడవలో పుస్తకములు నడిపిన మన పెద్దలు, చదువు కొందరి సొత్తుగా నుండరాదని తలచిరి. కళావంతుల గొంతు, కాటిసీను కవి పేరు, హార్మణీ వాయించినవాని వ్రేళ్లు, ఇవి యన్నియు ఆ తలపునకు బయట మిగిలిపోయినవి. వారి పనిని కొనసాగించుట యనగా వీరిని లోనికి పిలుచుటయే. డెల్టాలోని గ్రంథాలయములు ఈ సంవత్సరముననే ఒక్కొక్క బీరువాతో నారంభించునని యాశింతము.