చాటుగా పట్టిన గొంతుకు కోర్టులో చోటెంత?

2024 దాకా మన సాక్ష్యాధారాల చట్టం 1872 నాటిదే. ఎడిసన్ ఫోనోగ్రాఫు వచ్చింది 1877లో. మనిషి మాటను యంత్రం పట్టి ఉంచగలదన్న ఊహే లేని కాలపు చట్టంతో మన న్యాయమూర్తులు టేపునూ, సీడీనీ, సెల్‌ఫోన్‌నూ విచారించాల్సి వచ్చింది. ఎదుటివారికి తెలియకుండా రికార్డు చేసిన మాట చెల్లుతుందా అన్న ప్రశ్నకు డెబ్బై ఏళ్లుగా వస్తున్న జవాబు దాదాపు ఒక్కటే: నిగ్గు తేలితే చెల్లుతుంది. అయితే ఆ తీర్పులన్నిటి అడుగున ఒక గీత ఉంది. దాన్ని కోర్టులు ఇంకా స్పష్టంగా గీయలేదు.

1956లో పంజాబ్ హైకోర్టు, సాక్షి మాట మార్చాడని చూపడానికి టేపును అనుమతించింది. 1963లో సుప్రీంకోర్టు ముందుకు ప్రతాప్ సింగ్ కేసు వచ్చింది. పంజాబ్ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ తనపై కక్ష సాధిస్తున్నారన్న, అదే పేరున్న ఒక సర్జన్, తాను ఆ కుటుంబంతో జరిపిన సంభాషణల టేపులను సమర్పించారు. టేపును మార్చే వీలుందన్న ఒక్క కారణంతో దాన్ని తోసిపుచ్చలేమని కోర్టు చెప్పింది. సామాన్యుడు అధికారాన్ని నిలదీయడానికి టేపు ఆయుధమైంది.

1967 నాటి యూసుఫల్లీ కేసులో, లంచం ఇవ్వజూపిన వ్యక్తి మాటలను మున్సిపల్ గుమాస్తా గదిలో దాచిన మైకు పట్టింది. బలవంతం లేకుండా పలికిన మాట గనుక, నిందితుడిని తనపై తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదనే రాజ్యాంగపు 20(3) అధికరణం అడ్డురాదని కోర్టు తేల్చింది. 1969 రాష్ట్రపతి ఎన్నికను సవాలు చేస్తూ, తెలుగువాడైన వి.వి. గిరిపై ఎన్. శ్రీరామరెడ్డి వేసిన కేసులోనూ ఒక సాక్షి విశ్వసనీయతను పరీక్షించడానికి టేపు పనికొచ్చింది.

వీటన్నిటికీ తలమానికం 1972 నాటి మల్కానీ తీర్పు. ఒక రోగి మరణంపై అనుకూలమైన అభిప్రాయం ఇవ్వడానికి బొంబాయి కరోనర్ మల్కానీ ఒక డాక్టరును మొదట 20,000 రూపాయలు అడిగి, చివరకు 15,000 వద్ద ఆగారన్నది ఆరోపణ. మధ్యవర్తిగా ఉన్న మరో డాక్టరు ఒప్పుకోవడంతో, ఆయన ఫోనుకు యంత్రం తగిలించి ఏసీబీ పోలీసులు మాటలు రికార్డు చేశారు. మాట్లాడేవారిలో ఒకరి సమ్మతి ఉంది గనుక టెలిగ్రాఫ్ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదని కోర్టు చెప్పింది. సంభాషణ కేసుకు సంబంధించినదై ఉండాలి, గొంతు ఎవరిదో తేలాలి, టేపును చెరిపి మార్చలేదని రుజువు కావాలి అని మూడు షరతులు పెట్టింది. అక్కడితో ఆగకుండా, అక్రమంగా సంపాదించిన సాక్ష్యమైనా చెల్లుతుందని కూడా అంది. అసలు చిక్కు ఆ మాటతోనే మొదలైంది.

తర్వాతి దశాబ్దాల్లో దృష్టంతా నిగ్గు తేల్చడం మీదే నిలిచింది. 1985లో రామ్ సింగ్ తీర్పు షరతులను ఆరుకు పెంచింది. 2000లో ఐటీ చట్టంతో పాటు, సాక్ష్యాధారాల చట్టంలోకి ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన 65బి సెక్షన్ వచ్చింది. అసలు పరికరం కాక దాని కాపీని తెస్తే సర్టిఫికెట్ తప్పదని 2014లో అన్వర్, 2020లో అర్జున్ పండిత్‌రావ్ తీర్పులు స్థిరపరిచాయి. 1872 చట్టం స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను కూడా సర్టిఫికెట్‌లో రాయమంటోంది. గొంతులనూ కృత్రిమంగా పుట్టిస్తున్న ఈ రోజుల్లో ఈ జాగ్రత్త అత్యవసరం.

మరోవైపు గోప్యత హక్కు బలపడుతూ వచ్చింది. ఫోన్ ట్యాపింగ్‌కు 1996లో పీయూసీఎల్ తీర్పు కళ్లెం వేసింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. అంతకు ముందే, 2008 లా రిపోర్టులకెక్కిన ఒక విడాకుల కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధైర్యంగా మాట్లాడింది. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్‌కాల్స్‌ను భర్త రహస్యంగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమనీ, ఆ టేపులు నిజమైనవే అయినా సాక్ష్యంగా పనికిరావనీ చెప్పింది.

2025 జులైలో సుప్రీంకోర్టు, బఠిండాలో మొదలైన మరో దాంపత్య వివాదంలో భార్యాభర్తల మధ్య సంభాషణల రహస్య రికార్డింగును అనుమతించింది. ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే దశ వచ్చిందంటే ఆ బంధం అప్పటికే చెడిందని వ్యాఖ్యానించింది. ఈ రెండు తీర్పులూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కానీ బఠిండా కేసులో రికార్డు చేసిన భర్త ఆ సంభాషణలో ఒకడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పులోని భర్త ఇతరుల మాటలను చాటుగా విన్నవాడు. సర్జన్, గుమాస్తా, మల్కానీ కేసు డాక్టరు కూడా తమతో అన్న మాటలనే భద్రపరిచారు.

నేను చెప్పిన గీత ఇదే. కట్నం కోసం బెదిరించిన గొంతునో, లంచం అడిగిన గొంతునో ఫోనులో దాచుకున్నవారికి కోర్టు తలుపు మూయకూడదు. చాలాసార్లు వారికున్న ఏకైక ఆధారం అదే. భార్య ఫోనులో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి ఆమె తల్లితో చెప్పుకున్న బాధను విన్నవాడికి అదే తలుపు తెరవడం అన్యాయం. మల్కానీ మూడు షరతులకు నాలుగోది చేరాలి: ఆ మాటలు రికార్డు చేసినవారితో అన్నవేనా? కాకపోతే, చట్టప్రకారం పొందిన అనుమతి ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వచ్చాకే ఫైలు తెరవాలి.