పద్మిని ఇంజిన్ ఫ్యామిలీ నుంచి మ్యూజియం దాకా: చిసిటాలియా 202 కథ

పాత తెలుగు సినిమాల్లో కనిపించే ఫియట్ కారు గుర్తుందా? తర్వాత అదే ప్రీమియర్ పద్మిని అయింది. దాని ఇంజిన్ 1089 సీసీ. ఈరోజు మనం మాట్లాడుకునే కారులో ఉన్నది కూడా అదే ఫియట్ 1100 ఫ్యామిలీ ఇంజిన్, అదే 1089 సీసీ. కాకపోతే ఈ కారుకి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో చోటు దొరికింది. పేరు చిసిటాలియా 202.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. ఇటలీలో డబ్బుల్లేవు, మెటీరియల్ లేదు. టురిన్‌లో పియరో డూజియో అనే వ్యాపారవేత్త ఉన్నాడు. ఒకప్పుడు యువెంటస్‌కి ఫుట్‌బాల్ ఆడాడు, తర్వాత అదే క్లబ్‌కి ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. ఈయనకి రేసింగ్ అంటే పిచ్చి. కొత్త ఇంజిన్ తయారుచేసే టైమ్ లేదు కాబట్టి, మార్కెట్లో దొరికే ఫియట్ పార్ట్స్‌నే తీసుకుని, స్టీల్ ట్యూబులతో తేలికైన ఫ్రేమ్ కట్టించి, 1946లో చిన్న రేస్ కారు దింపాడు. అది క్లిక్ అయింది. మరుసటి ఏడాది రోడ్డు మీద నడిపే కారు వచ్చింది. అదే 202.

దీని బాడీ కట్టింది పినిన్ ఫరీనా. మన విజయవాడ ఆటోనగర్‌లో ఉత్త ఛాసిస్ వస్తే లారీ బాడీ కడతారు కదా, అప్పట్లో ఇటలీలో ఖరీదైన కార్లకీ అదే పద్ధతి. పనివాళ్లు అల్యూమినియం రేకుని చేత్తో సుత్తితో కొట్టి కొట్టి షేప్ తెచ్చేవాళ్లు.

మరి ఇందులో అంత స్పెషల్ ఏంటి? అంతకుముందు కార్లు చూడండి. బానెట్ వేరు, మడ్‌గార్డులు వేరు, హెడ్‌లైట్లు వేరు. అన్నీ తెచ్చి అతికించినట్టు ఉంటాయి. 202లో అన్నీ కలిసిపోయి ఒకే తొడుగులా అయ్యాయి. బానెట్ అయితే పక్కనున్న ఫెండర్ల కంటే కిందికి ఉంటుంది. తర్వాత వచ్చిన ఎన్నో స్పోర్ట్స్ కార్లు ఇదే దారిలో నడిచాయి.

పవర్ చూస్తే 60 హార్స్‌పవర్ కూడా దాటదు. అయినా బరువు తక్కువ, గాలికి అడ్డు తక్కువ, అందుకే గంటకి దాదాపు 160 కిలోమీటర్లు వెళ్లేది. 1947 మిల్లే మిల్యా రేసులో 54 ఏళ్ల టాజియో నువొలారి ఇదే 202 ఓపెన్ మోడల్ నడిపాడు. చాలాసేపు లీడ్‌లో ఉన్నాడు. వర్షం పడి, నీళ్లు వెళ్లి ఇంజిన్ మొరాయించింది, సెకండ్ వచ్చాడు. గెలిచిన ఆల్ఫా రోమియో ఇంజిన్ దీనికంటే రెండున్నర రెట్లు పెద్దది!

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ డూజియోకి గ్రాండ్ ప్రీ గెలవాలని ఆశ. పోర్షే టీమ్‌కి కాంట్రాక్ట్ ఇచ్చాడు: 12 సిలిండర్లు, సూపర్‌ఛార్జర్, నాలుగు చక్రాలకీ పవర్. అప్పటికి ఫెర్డినాండ్ పోర్షే ఫ్రాన్స్‌లో జైల్లో ఉన్నాడు. ఆయన్ని విడిపించడానికి ఈ కాంట్రాక్ట్ డబ్బులు పనికొచ్చాయి. డూజియోకి మాత్రం ఏమీ మిగల్లేదు. ఆ ప్రాజెక్ట్ కంపెనీ మొత్తాన్నీ మింగేసింది. కారు ఒక్క గ్రాండ్ ప్రీలో కూడా పరిగెత్తలేదు. ఆయన అర్జెంటీనా వెళ్లిపోయాడు. 202లు మొత్తం సుమారు 170 మాత్రమే తయారయ్యాయి.

1951లో ఆ న్యూయార్క్ మ్యూజియం ఎనిమిది కార్లతో ఒక ఎగ్జిబిషన్ పెట్టింది. అందులో 202 ఒకటి. 1972లో దాన్ని శాశ్వతంగా తన కలెక్షన్‌లోకి తీసుకుంది. వాళ్ల కలెక్షన్‌లో చేరిన మొదటి కారు ఇదే.

ఒక్కసారి ఆలోచించండి. ఆయన ఆస్తంతా పోసింది పవర్ మీద. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం అందరికీ దొరికే ఇంజిన్ మీద కొందరు పనివాళ్లు చేత్తో కొట్టిన రేకు. మీ ఇంట్లో ఎవరికైనా పాత ఫియట్ ఉండేదా? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!