జపానీ భాషలో విదేశాల పేర్లు: మధ్యవర్తి భాషల పాత్ర

ఆదాన పదాల చర్చలో దాత భాష, గ్రహీత భాష అని రెండింటినే లెక్కించడం పరిపాటి. దేశనామాల విషయంలో ఈ లెక్క చాలదు. ఒక దేశం పేరు ఆ దేశస్థుల నోటి నుంచే వచ్చి ఉండాలన్న నియమం లేదు. తరచుగా దానిని మూడవవారు మోసుకువస్తారు. జపానీ భాషలోని ఐరోపా దేశాల పేర్లు ఇందుకు బలమైన నిదర్శనాలు.

పోర్చుగీసు వర్తకులు 1543లో తనెగషిమా ద్వీపం చేరారు. 1639లో బహిష్కృతులయ్యే వరకు జపానీయులకు ఐరోపా పరిచయం ప్రధానంగా వారి ద్వారానే కలిగింది. హాలండుకు జపానీలో 'ఒరందా' అని పేరు. డచ్చివారు తమ దేశాన్ని హకారంతో మొదలుపెట్టి హల్లుతో ముగించి పలుకుతారు. పోర్చుగీసులో హకారం రాతలో ఉన్నా పలుకులో లేదు. పదాంతంలో అచ్చు ఉంది. 'ఒరందా'లో ఈ రెండు లక్షణాలూ కనిపిస్తాయి. ర-ల భేదం లేని భాష కనుక లకారం రేఫమైంది. 1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా నాగసాకి రేవులోని దెజిమాలో వర్తకం చేయనిచ్చిన ఐరోపావారు డచ్చివారొక్కరే. అయినా వారి దేశం తమ ప్రత్యర్థులు అందించిన పేరుతోనే చెలామణి అయింది.

ఇదే డచ్చి ఈస్టిండియా కంపెనీ జపానుకు వెళ్ళడానికి కొద్ది ఏళ్ళ ముందు, 1605-06లో, మచిలీపట్నంలో వ్యాపారం ప్రారంభించింది. ఆ ఊరి వలందపాలెం పేరులోని 'వలంద'లోనూ హకారం లేదు, చివర అకారం నిలిచింది. ఆంగ్లం ద్వారా వచ్చిన 'హాలండు' ఇలా ఉండదు. కనుక 'వలంద'ను ఆంగ్లం నుంచి గాని నేరుగా డచ్చి నుంచి గాని వచ్చిన పదంగా కాక, 'ఒరందా'కు తోబుట్టువుగా పరిగణించడమే సమంజసమని నా అభిప్రాయం.

ఇంగ్లండు పేరు చరిత్ర మరింత చిక్కైనది. నేటి 'ఇగిరిసు' పోర్చుగీసు 'ఇంగ్లెస్' నుంచి వచ్చింది. ఆ మాటకు అర్థం 'ఆంగ్లేయుడు, ఆంగ్ల సంబంధి' అనే గాని దేశమని కాదు. తెలుగులాగే జపానీ కూడా అజంత ప్రవృత్తి కలది. సంయుక్తాక్షరం విడిపోయింది, పదాంతంలో ఉకారం చేరింది. ఎదో కాలంలో డచ్చి నుంచి వచ్చిన 'ఎగెరెసు' కూడా వాడుకలో ఉండేది. 1808లో ఆంగ్ల యుద్ధనౌక ఫేటన్ డచ్చి జెండాతో నాగసాకిలో ప్రవేశించి కలవరం రేపాక, దుబాసీలు ఆంగ్లం నేర్చుకోవలసి వచ్చింది. వారు 1814లో కూర్చిన నిఘంటువు 'అంగెరియా గొరిన్ తైసెయ్' పేరులో లాటిన్ రూపం కనిపిస్తుంది. మూడు దారుల్లో వచ్చిన మూడు పేర్లలో మొదటిదే నిలిచింది. నేడు అది స్కాట్లండు, వేల్సులతో కూడిన రాజ్యమంతటికీ వర్తిస్తుంది. ఒక్క ఇంగ్లండును చెప్పవలసినప్పుడు 'ఇంగురందో' అంటారు.

'దొయిత్సు' (జర్మనీ) డచ్చి 'డౌట్స్' నుంచి వచ్చింది. 1823లో దెజిమాకు వచ్చిన జర్మన్ వైద్యుడు సీబోల్ట్, తన డచ్చి ఉచ్చారణను దుబాసీలు శంకించినప్పుడు తాను 'కొండ డచ్చివాడి'నని చెప్పి తప్పించుకున్నాడని ప్రతీతి.

భారతదేశం పేరు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పన్నెండవ శతాబ్ది కథాసంకలనం 'కొంజకు మొనొగతరిషూ'లో మన దేశం 'తెన్‌జికు'. సింధు శబ్దం ఇరానీ రూపం పొంది, చీనాలో లిపి మార్చుకుని, బౌద్ధంతో జపాను చేరింది. ఆధునిక కాలంలో దాని స్థానాన్ని 'ఇందో' ఆక్రమించింది.

ఈ మధ్యవర్తిత్వం నేటికీ రాజకీయ ప్రశ్నే. జార్జియా అభ్యర్థన మేరకు 2015లో జపాను, రష్యన్ నుంచి వచ్చిన 'గురుజియా'ను విడిచి 'జోజియా'ను అధికారికం చేసింది. అయితే ఆ ప్రజలు తమ దేశాన్ని పిలుచుకొనే పేరు 'సకార్త్‌వెలో'. జపాను స్వీకరించిన కొత్త పేరు ఆంగ్ల రూపం.